గడ్డికి లెక్కుంది, మనిషికి లేదు

భూగర్భజలాన్ని హద్దూ అదుపూ లేకుండా తోడితే మొదట చచ్చేది గడ్డీ చెట్టూ. వాటిని కాపాడటానికి చట్టాలూ ఒప్పందాలూ వస్తాయి. ఆ గడ్డితో బతికిన మనుషులు మాత్రం ఆ కాగితాల్లో కనపడరు. ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోటానికి మేం అమెరికాలోని ఓవెన్స్ లోయ చరిత్రని పరిశీలించాం.

కాలిఫోర్నియా తూర్పు అంచున, సియెర్రా నెవాడా పర్వతాల వెనక ఉన్న ఈ లోయ పయూట్ మూలవాసులది. వాళ్ల భాషలో దాని పేరుకి ‘నీరు పారే చోటు’ అని అర్థం. కొండవాగుకి అడ్డకట్ట వేసి, కాలవలు తవ్వి, తుంగ జాతి దుంపలు పెరిగే బీళ్లని తడిపేవాళ్లు. ఏటా వసంతంలో అందరూ కలిసి ఒక నీరుగంటిని ఎన్నుకునేవాళ్లు. ఒక ఏడు ఒక బీడుకి పెట్టిన నీళ్లు మరుసటి ఏడు ఇంకో బీడుకి పెట్టేవాళ్లు. 1930లో మానవశాస్త్రవేత్త జూలియన్ స్టివార్డ్ ఈ పద్ధతిని నమోదు చేస్తూ ‘వ్యవసాయం లేని నీటిపారుదల’ అని పేరుపెట్టాడు. దున్నలేదు, విత్తలేదు గనక వాళ్లు రైతులు కారట!

మనకిదేం కొత్త కాదు. తెలుగునాట ఎన్నో ఊళ్లలో చెరువు తూము తీసి పొలాలకి నీళ్లందించిన నీరుగంట్లు మాల మాదిగలే. ఆయకట్టు భూమి మాత్రం ఎక్కువగా పైకులాల చేతుల్లోనే ఉండేది.

1863లో సైన్యం దాదాపు వెయ్యిమంది పయూట్‌లని టెహోన్ కోటకి నడిపించుకుపోయింది. తిరిగొచ్చినవాళ్లు తమ నేలమీదే తెల్లవాళ్లకి కూలీలయ్యారు. 1913లో లాస్ ఏంజెలెస్ నగరం 233 మైళ్ల కాలవతో ఓవెన్స్ నదిని మళ్లించుకుంది. 1939లో భూమార్పిడి జరిగింది. పయూట్‌ల కోసం కేటాయించిన 2,900 ఎకరాలకి పైగా భూమి నగరానికి పోయింది. బదులుగా వచ్చింది 1,400 ఎకరాల లోపే. నీటిహక్కు అసలు మార్పిడిలోకే రాలేదు. దాన్ని వదులుకోవాలంటే నగర ఓటర్లలో మూడింట రెండొంతులమంది ఒప్పుకోవాలని చార్టర్ అడ్డం చెప్పింది.

1970లో రెండో కాలవ వచ్చింది. దాన్ని నింపటానికి బోర్లు జోరుగా తోడాయి. ఫిష్ స్ప్రింగ్స్, బ్లాక్‌రాక్ ఊటలు ఎండిపోయాయి. అక్కడి బీడుగడ్డి వానతో కాదు, నేలకింది తడితో బతుకుతుంది. నీటిమట్టం వేళ్లకి అందనంత కిందికి దిగితే గడ్డి చచ్చి ఎడారి పొదలు వస్తాయి. ఈ లోయలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఒక గులాబిరంగు పూలమొక్కకి కూడా ఆ తడి బీళ్లే ఆధారం.

ఇన్యో కౌంటీ 1972లో కోర్టుకెక్కింది. 1991లో నగరానికీ కౌంటీకీ ఒప్పందం కుదిరింది. 1984-87 మధ్య కొలిచిన పచ్చదనం తగ్గకూడదు. నేలలో తడి చాలకపోతే ఆ చుట్టుపక్కల బోర్లు ఆపాలి. ఎండిన నదిలోకి 2006లో మళ్లీ నీళ్లొదిలారు. మొక్కల కోసం బోరు ఆపాలనటం చిన్న విజయం కాదు. అయితే ఆ ఒప్పందంలో పయూట్‌లు పక్షం కారు. వాళ్ల పూర్వీకుల కాలవలు తడిపిన బీళ్లు 1984లో మొదలయ్యే కొలతకి అందవు. ఎక్కణ్ణుంచి కొలవాలో నిర్ణయించినవాడే నష్టమెంతో కూడా నిర్ణయిస్తాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో తెచ్చిన వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్లు మూడూ ఉన్నాయి. ఆ మూడింటినీ కలిపి చూసే పని ఊళ్లో ఎవరితో మొదలుపెట్టాలి? ఏ వాగులో ఈతచెట్లు ఎప్పుడు ఎండాయో ఈతాకు చాపలల్లినవాళ్లకి తెలుసు. ఎక్కడ జమ్ము పెరిగేదో దాంతో గుడిసె కప్పుకున్నవాళ్లకి తెలుసు. భూగర్భజలాల లెక్కలు రాసేటప్పుడు వాళ్ల మాటని సాక్ష్యంగా తీసుకోవాలి. బోరు ఎక్కడ ఆపాలో తేల్చేచోట వాళ్లకి కూర్చునే హక్కుండాలి. మేం అడుగుతున్నది ఇదే.