లినక్స్ కెర్నెల్‌లో ఐచ్ఛిక భద్రతా సదుపాయాలు – మెమరీ పొదుపు చరిత్ర

లినక్స్ కెర్నెల్‌లో కొన్ని భద్రతా సదుపాయాలు ఐచ్ఛికం. ఎస్‌ఈలినక్స్, యాప్‌ఆర్మర్, స్మాక్, ఐఎంఏ వంటివి కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే మానేయవచ్చు. అయితే ఆ ‘వద్దు’ అనే మాట కెర్నెల్ లోపలి లెక్కల దాకా చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. వాడని సదుపాయం కూడా మెమరీని ఆక్రమించుకుని కూర్చున్న సందర్భాలున్నాయి. మామూలు ప్రోగ్రాముల మెమరీని అవసరమైతే డిస్కులోకి తరలించవచ్చు. లినక్స్‌లో కెర్నెల్ తన కోసం తీసుకున్న మెమరీకి ఆ వీలు లేదు. ఇక్కడ వృథా అయిన ప్రతి బైటూ అసలు ర్యామ్‌లోంచే పోతుంది.

ఈ కథకు మొదలు అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2000 డిసెంబరులో విడుదల చేసిన ఎస్‌ఈలినక్స్. ఒక్క పద్ధతినే కెర్నెల్‌లో చేర్చే బదులు, ఏ పద్ధతైనా తగిలించుకునేలా ఉమ్మడి చట్రం ఉండాలని లినస్ టోర్వాల్డ్స్ కోరడంతో లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్ అనే ఏర్పాటు రూపుదిద్దుకుంది. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌లో ఆ చట్రమూ ఎస్‌ఈలినక్సూ రెండూ ఉన్నాయి.

ఎస్‌ఈలినక్స్ ఏ ప్రోగ్రాము దేన్ని ముట్టుకోవచ్చో చెప్పే నియమాలన్నిటినీ మెమరీలో ఒక పట్టికగా ఉంచుతుంది. ఒకే నియమం పలు రకాల ప్రోగ్రాములకు వర్తిస్తే, దాన్ని విడమరిచి ఒక్కో రకానికి ఒక్కో పద్దు రాసుకునేది. 2005లో డెవలపర్ స్టీఫెన్ స్మాలీ ఆ పద్ధతి మార్చారు. ఉమ్మడి నియమాన్ని ఉమ్మడిగానే ఉంచి, అవసరమైనప్పుడు విప్పి చూసుకునేలా చేశారు. పద్దు సైజును 40 బైట్ల నుంచి 24కు తగ్గించారు. మరో డెవలపర్ జేమ్స్ మోరిస్ 64 బిట్ యంత్రంపై కొలిచి చూస్తే, ‘టార్గెటెడ్’ నియమావళికి 9.1 ఎంబీ పట్టే చోట 468 కేబీ సరిపోయింది. మరింత కఠినమైన ‘స్ట్రిక్ట్’ నియమావళికి దాదాపు 22 ఎంబీ కాస్తా 5 ఎంబీ అయింది. నియమాన్ని విప్పి చూడడానికి కొంత అదనపు సమయం పడుతుంది. కానీ ఒకసారి తేల్చిన నిర్ణయాలు క్యాష్‌లో ఉంటాయి కనుక పరీక్షల్లో చెప్పుకోదగ్గ మందగమనం కనబడలేదు. ఈ పొదుపు విలువ తర్వాతి దశాబ్దంలో ఇంకా బాగా తెలిసింది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఎస్‌ఈలినక్స్ పూర్తిస్థాయిలో అమలవుతోంది. రామసముద్రం నుంచి మదనపల్లె మార్కెట్టుకు టమోటా తోలే రైతు జేబులోని తక్కువ ర్యామ్ ఆండ్రాయిడ్ ఫోన్లోనూ నడిచేది ఇదే.

అన్నిటికంటే పెద్ద పాఠం ఐఎంఏ నేర్పింది. ఫైలును నడిపే ముందు లేదా చదివే ముందు దాని హ్యాష్ లెక్కగట్టి, టీపీఎం చిప్ సాయంతో మార్చితే బయటపడే జాబితాగా భద్రపరచడం దీని పని. ఐబీఎం పరిశోధకులు రైనర్ సైలర్ బృందం 2004లో ఈ రూపకల్పనను ప్రచురించింది. 2009లో 2.6.30 కెర్నెల్‌లో ఇది చేరింది. కొలిచిన ఫైలును ఇంకెవరో అదే సమయంలో మారుస్తుంటే ఆ కొలతకు విలువ లేదు. అందుకని ప్రతి ఫైలునూ ఎందరు చదవడానికి తెరిచారో, ఎందరు రాయడానికి తెరిచారో ఐఎంఏ లెక్కపెట్టేది. యంత్రం నడుస్తుండగా మధ్యలో దాన్ని ఆన్ చేసినా లెక్క తప్పకూడదు. కాబట్టి ఆఫ్‌లో ఉన్నప్పుడూ లెక్కపెడుతూనే ఉండేది! మెమరీలో ఉన్న ప్రతి ఐనోడ్‌కూ, అంటే ప్రతి ఫైలు వివరాల పద్దుకూ, తనదైన మరో పద్దు జతచేసేది.

2010 అక్టోబరులో ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టం నిపుణుడు డేవ్ చిన్నర్ మెమరీ వాడకం పట్టిక చూస్తుండగా ఒక అంకె వింతగా కనబడింది. ర్యాడిక్స్ ట్రీ (పద్దులను వెతుక్కోవడానికి కట్టే ఒక చెట్టు నిర్మాణం) నోడ్లు 27 లక్షలకు పైగా వాడకంలో ఉన్నాయి. ఆ నోడ్ల కోసం కేటాయించిన మెమరీ మొత్తం సుమారు 2.3 జీబీ ర్యామ్ మింగింది. ఆరా తీస్తే అది ఐఎంఏ పనే. తన పద్దులను వెతుక్కోవడానికి ఐనోడ్ మెమరీ చిరునామానే సూచికగా వాడింది. ర్యాడిక్స్ ట్రీ పక్కపక్క సంఖ్యలు వరుసగా వచ్చే చోట బాగా పనిచేస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఐనోడ్ చిరునామాలు మాత్రం దాదాపు వెయ్యి బైట్ల ఎడంలో ఉంటాయి. ఫలితంగా 64 గదుల సత్రాన్ని ఒక్కో బాటసారికి ఒక్కోటి కట్టినట్టయింది: 120 బైట్ల సమాచారాన్ని పట్టుకోవడానికి 550 బైట్ల నోడ్.

కెర్నెల్ డెవలపర్ ఎరిక్ పారిస్ వరుసగా దిద్దుబాట్లు పంపారు. ముందు ర్యాడిక్స్ ట్రీ తీసేసి రెడ్-బ్లాక్ ట్రీ అనే మరో రకం చెట్టు పెట్టారు. అందులో ఒక్కో పద్దుకు అదనపు భారం మూడు పాయింటర్లే, 24 బైట్లు. కానీ వృథాకు మూలం ట్రీ ఒక్కటే కాదు, అసలు ప్రతి ఫైలుకూ పద్దు ఎందుకన్నదే ప్రశ్న. రాసేవారి సంఖ్యను ఐనోడ్ ఎప్పటినుంచో తనలోనే ఉంచుకుంటోంది. ఐఎంఏ దాన్నే మళ్లీ విడిగా లెక్కపెడుతోంది! ఆ రెండో లెక్క రద్దయింది. చదివేవారి సంఖ్యను నాలుగు బైట్ల అంకెగా ఐనోడ్‌లోనే చేర్చారు. ఆపైన ఐఎంఏ పద్దును నిజంగా అవసరమైన ఫైలుకు మాత్రమే, అదీ అవసరపడిన క్షణంలోనే సృష్టించేలా మార్చారు. పద్దు ఉందో లేదో ఐనోడ్‌లోని ఒక్క బిట్ చెబుతుంది కాబట్టి లేని దాని కోసం ట్రీ అంతా గాలించే పనీ తప్పింది. 2011 జనవరిలో వచ్చిన 2.6.37 కెర్నెల్‌తో ఈ మార్పులు అందరికీ అందాయి. ఆఫ్‌లో ఉన్న ఐఎంఏకు ప్రతి ఐనోడ్‌కూ వందల బైట్లు పోయే చోట ఈ మార్పులతో పోయినవి నాలుగే. ఈ దిద్దుబాట్లలో గొప్ప గణితమేమీ లేదు, ఎవరి లెక్క ఎవరి దగ్గర ముందే ఉందో చూసుకోవడమే ఉంది. ఈ వ్యవహారమంతటిలో మెచ్చుకోదగ్గది అదే.

తర్వాతి పెద్ద మార్పు లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్ చట్రంలోనే జరిగింది. డెవలపర్ కేసీ షాఫ్లర్ ఏళ్ల తరబడి చేసిన కృషితో 2019లో వచ్చిన 5.1 కెర్నెల్ నుంచి ప్రతి మాడ్యూలూ తనకు ఎన్ని బైట్లు కావాలో బూట్ సమయంలోనే చెప్పుకుంటుంది. చట్రం ఆ కోరికలను కూడి ఒకే ముక్కగా కేటాయిస్తుంది. కెర్నెల్‌లో ఉన్నా ఎంపిక కాని మాడ్యూలు లెక్కలోకే రాదు. లినక్స్ పంపిణీదారులు ఒకే కెర్నెల్‌లో అన్నీ కలిపి ఇస్తారు, ఏది వాడాలో యంత్రం యజమాని తేల్చుకుంటాడు. అలాంటి చోట ఈ ఏర్పాటు లేకుండా ‘ఐచ్ఛికం’ అనే మాటకు అర్థం లేదు.

ఐఎంఏ కూడా చివరికి ఈ దారికే వచ్చింది. 2024లో వచ్చిన 6.9 కెర్నెల్‌లో డెవలపర్ రాబెర్టో సాసు దాన్ని చట్రంలో పూర్తిస్థాయి మాడ్యూలుగా మార్చారు. రెడ్-బ్లాక్ ట్రీ అవసరం తీరిపోయింది.  ఐఎంఏ పద్దును నేరుగా ఐనోడ్ భద్రతా ముక్కలో ఇమడ్చవచ్చు. కానీ అలా చేస్తే ఐఎంఏ నియమాల పరిధిలో లేని ఫైళ్లకూ ఆ మెమరీ అంతా దండగవుతుందని, అక్కడ ఒక పాయింటర్‌కు మాత్రమే చోటు ఉంచారు. 64 బిట్ యంత్రంలో అది 8 బైట్లు.