విరేచనమా, విరేచనాలా? – ఒక ప్రశ్నాపత్రం చరిత్ర



ఈ టపాలోని విషయం సభామర్యాదకు కొంచెం ఎడమైనది. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి, పదవీ విరమణ చేసి సీతమ్మధారలో కాలక్షేపం చేస్తున్న తెలుగు పండితుడు ఏ ప్రబంధం గురించో వ్రాయక, పొట్ట గురించి వ్రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. కాని ఇదీ భాషాచరిత్రే. చివరిదాకా చదివి మీరే తీర్పు చెప్పండి.

నలభై దాటిన కొత్తలో నాకొక ఉదరబాధ పట్టుకుంది. వారంలో రెండు మూడు రోజులు తెల్లవారుతూనే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, బడికి బయలుదేరేలోగా నాలుగు సార్లు పరుగు. మరి కొన్ని వారాలు దీనికి పూర్తిగా విరుద్ధం. బస్సెక్కాలంటే భయం, మొదటి పీరియడు పాఠం చెబుతూ తలుపు వైపే చూపు. ఒక వైద్యుని దగ్గరకు వెళ్ళి, సిగ్గుతో ఒకే ఒక్క మాట అన్నాను: "విరేచనాలవుతున్నాయండీ." ఆయన క్రిమిదోషమని మందు వ్రాశారు. మరొకరి వద్దకు వెళ్ళాను. అదే మాట, అదే మందు. ఇలా ఆరేళ్ళు గడిచాయి. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బీమా కాగితాలు వెదికి ఒకచోట సర్దిపెట్టిన రాత్రి కూడా ఉంది. క్యాన్సరే అని నిశ్చయించుకున్నాను.

చివరకు ఒక పెద్దాయన మందు వ్రాయడానికి ముందు ప్రశ్నలు వేశారు. కడుపు ఖాళీ అయ్యాక నొప్పి తగ్గుతుందా? నొప్పి వచ్చిన రోజునే పలచబడుతుందా? వెళ్ళి వచ్చినా ఇంకా మిగిలిపోయినట్టు ఉంటుందా? నిద్రలోంచి లేపుతుందా? బరువు తగ్గారా? రక్తం పడిందా? ఒక రక్తపరీక్ష చేయించి, "మాస్టారూ, ఇది ఇర్రిటబుల్ బవెల్ సిండ్రోమ్. ఇబ్బంది పెడుతుంది గాని ప్రాణం తీయదు" అన్నారు. ఆరేళ్ళ భయం ఆరు ప్రశ్నలతో తీరింది.

ఆ ప్రశ్నలు ఎవరు కూర్చారన్న కుతూహలం నన్ను చాలా కాలం వదలలేదు.

ఈ వ్యాధికి ఒక విచిత్ర లక్షణముంది. ప్రేగులోకి గొట్టం వేసి చూసినా, స్కానింగు చేసినా ఏమీ కనబడదు. రోగి చెప్పే మాటే ఆధారం. కనుక దీని నిర్ణయచరిత్ర అంతా ప్రశ్నల చరిత్రే. 1978లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో మానింగ్, ఆయన సహచరులు ఏ లక్షణాలు ఈ వ్యాధిని ఇతర ప్రేగు జబ్బుల నుంచి వేరు చేస్తాయో పరిశీలించి ప్రకటించారు. నన్ను అడిగిన మొదటి మూడు ప్రశ్నలు ఆ జాబితాలోనివే. 1984లో జర్మనీకి చెందిన క్రూయిస్, ఆయన సహచరులు మరొక అడుగు వేసి, రోగికి కొన్ని ప్రశ్నలు, వైద్యునికి కొన్ని అంశాలు కలిపి మార్కుల పట్టిక తయారు చేశారు. రోగి చెప్పిన లక్షణాలకు మార్కులు కలుస్తాయి. మలంలో రక్తం, రక్తహీనత, తెల్లకణాల పెరుగుదల వంటివి కనబడితే తీసివేత. మొత్తం 44కు చేరితే ఈ వ్యాధి అనుకోవచ్చు. పరీక్షాపత్రాలు దిద్దిన చేతికి ఈ పద్ధతి వెంటనే నచ్చింది!

అయితే ఆ పట్టికలో ఒక ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. నొప్పి ఎటువంటిదో విశేషణాలతో చెప్పమంటారు: మండినట్టా, కోసినట్టా, నొక్కినట్టా, మందంగానా? వీటిని తెలుగులోకి తేవడం సులభమని మొదట అనుకున్నాను. కాని మన కడుపునొప్పి మాటలు వేరు. మెలిపెట్టడం, పీకడం, సలపడం, పొడవడం, గుంజడం, దేవడం – వీటిలో దేనిని జర్మను వారి ఏ విశేషణం ఎదుట నిలబెట్టాలి? ఒక మాట తప్పితే మార్కు తప్పుతుంది. మార్కు తప్పితే రోగి మరో వరుసలో నిలబడతాడు.

ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన జర్మను భాషకే ఈ చిక్కు తప్పలేదు. 1997లో మాంచెస్టర్‌లో ఫ్రాన్సిస్, మోరిస్, వోర్వెల్ అనే ముగ్గురు వ్యాధి తీవ్రతను కొలిచే చిన్న పత్రం కూర్చారు. ప్రశ్నలు ఐదు, ఒక్కొక్కదానికి నూరు మార్కులు, మొత్తం 500. 300 దాటితే తీవ్రం. దానిని జర్మనులోకి అనువదించి వాడుకుంటే సరిపోదని, జర్మను రోగుల మీద పరీక్షించి, ఆ ఫలితాలను 2013లో ప్రకటించారు. పదహారేళ్ళ తరువాత! జర్మనులో ఈ వ్యాధి పేరు రైట్స్‌డార్మ్. చిరాకుపడ్డ ప్రేగు అని అర్థం. కడుపు నిండుగా ఉన్నట్టుండే బాధకు ఒక మాట, వాయువు చేరిన ఉబ్బుకు మరొక మాట వారికి ఉన్నాయి. ఇంగ్లీషువాడి ఉబ్బరం ఇందులో ఏదో తేల్చకుండా ముందుకు పోలేరు.

ఇక మన తెలుగు సంగతి. రోమ్ నగరం పేర వెలసిన నిపుణుల సంఘం ఈ జబ్బులకు ప్రమాణాలు నిర్ణయిస్తూ వస్తోంది. 2006లో వచ్చిన మూడవ రోమ్ ప్రమాణాల ప్రశ్నాపత్రాన్ని ఆసియా దేశాల వైద్యులు తమ ప్రజల అలవాట్లకు తగినట్టు మార్చి, చైనీసు, హిందీ, తెలుగు, ఇండోనేషియను, కొరియను, థాయి భాషల్లోకి అనువదింపజేసి, 2015లో ఫలితాలు ప్రకటించారు. అప్పట్లో లక్నోలో పనిచేస్తున్న ఉదయ్ ఘోషాల్ ఇందులో ముఖ్యులు. ఆరోగ్యవంతులు 60 మంది, ఐ.బి.ఎస్. రోగులు 59 మంది, అజీర్తి రోగులు 53 మంది, మలబద్ధకం రోగులు 61 మంది జవాబులిచ్చారు. నిపుణులను బాగా ఇబ్బంది పెట్టిన మాటలు నాలుగేనట: మలబద్ధకం, ఉబ్బరం, కడుపు నిండుదనం, గుండెల్లో మంట. ఇన్ని దేశాల పండితులూ ఈ నాలుగింటి దగ్గరే తడబడ్డారని చదివినప్పుడు నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను. ఎందుకంటే, నేనూ అక్కడే పడ్డాను.

కొన్నేళ్ళ క్రితం వైద్యం చదువుతున్న మా బంధువుల అబ్బాయి ఇటువంటి ప్రశ్నలు కొన్ని తెచ్చి, "తాతగారూ, మంచి తెలుగులో పెట్టండి" అన్నాడు. నేను ఉత్సాహంగా కూర్చున్నాను. "గత మూడు మాసములలో మీకు ఉదరమున అసౌకర్యము గాని వేదన గాని ఎంత తరచుగా సంభవించినది?" అని మొదలుపెట్టి పదీ పూర్తిచేశాను. అబ్బాయి స్నేహితుడొకడు దానిని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి చూశాడు. మూలంతో చక్కగా సరిపోయింది. ఈ తిరుగు అనువాద పద్ధతిని 1970లో బ్రిస్లిన్ అనే ఆయన శాస్త్రీయంగా ప్రతిపాదించాడు. నా మీసం మెలితిరిగింది.

మరునాడు మా ఇంట్లో పనిచేసే శ్రీకాకుళం ఆవిడకు దానిని చదివి వినిపించాను.

"ఉదరం అంటే ఏటి మేష్టారండీ?" అంది.

కడుపు అన్నాను. అసౌకర్యం అన్న మాట వినగానే, "రైలు లేటయితే సెప్తారు, అదే కదండీ?" అని అడిగింది. మలబద్ధకం అంటే టీవీలో పొడి అమ్ముతారే, అదేనా అంది. "మరి మీరేమంటారమ్మా?" అంటే, "గట్టిగయిపోనాది, సాఫీగా అవ్వనేదు అంటాం" అంది. రోజుకెన్ని విరేచనాలు అన్న ప్రశ్నకు నవ్వేసింది. "ఇరేసనాలయితే ఆస్పటలుకెల్తాం గానీ, లెక్కెట్టుకుంటామేటండీ?"

అప్పుడు నా ఆరేళ్ళ కథ నాకు బోధపడింది. తెలుగులో విరేచనం ఏకవచనంలో ఆరోగ్యం, బహువచనంలో రోగం! "విరేచనమైందా?" అంటే నిత్యకృత్యం తీరిందా అని. "విరేచనాలా?" అంటే అతిసారమా అని. ఆయుర్వేదంలోనైతే విరేచనమంటే మందిచ్చి చేయించే ఒక చికిత్స. వ్యాకరణం బోధించే నేను ఒక్క బహువచన ప్రత్యయంతో నా వైద్యులను ఆరేళ్ళు తప్పుదారి పట్టించానన్నమాట. పోనీ, బయటికి వెళ్ళడమని మర్యాదగా అందామా? ఆడవారి విషయంలో బయట ఉండటమంటే వేరే అర్థముంది. కడుపు అంటే పొట్ట, కడుపుతో ఉండటమంటే గర్భం. ఇక ఉబ్బరానికీ, త్రేన్పుకూ, గుండెల్లో మంటకూ కలిపి జనం వాడే మాట ఒక్కటే: గ్యాస్. గుండెపోటును కూడా గ్యాస్ నొప్పి అనుకొని సోడా త్రాగి పడుకున్నవారి సంగతులు మన చుట్టూ లేవా?

తిరుగు అనువాదంలో నా పత్రం నెగ్గడానికి కారణం కూడా అప్పుడే అర్థమయింది. మలబద్ధకం అన్న మాట రెండు భాషలూ చదువుకున్న ఇద్దరి మధ్య క్షేమంగా వెళ్ళి, క్షేమంగా తిరిగి వచ్చింది. దారిలో రోగి ఇంటి గడప మాత్రం తొక్కలేదు. అందుకే అనువాదం ముగిశాక రోగుల ఎదుట కూర్చుని, ప్రతి మాటకూ వారేమనుకున్నారో అడగడం ఈ పద్ధతిలో ఒక తప్పనిసరి మెట్టు. పండితుల ఆమోదం ఆ మెట్టుకు బదులు కాదు.

మాట తిరిగి శాస్త్రాన్నే మార్చిన సందర్భమూ ఉంది. 2016లో వచ్చిన నాలుగవ రోమ్ ప్రమాణాల్లో ఐ.బి.ఎస్. నిర్వచనం నుంచి అసౌకర్యం అన్న మాటను తొలగించి, నొప్పిని మాత్రమే ఉంచారు. ఒక్కొక్క భాషలో ఒక్కొక్క విధంగా అర్థమవుతున్నదన్నది అందుకు ఒక కారణం. మా ఇంటి ఆవిడ అడిగిన రైలు ప్రశ్న వారి చెవిన పడలేదు గాని, లోకమంతటా అటువంటి ప్రశ్నలే ఎవరో అడిగి ఉంటారు.

ఈ పాఠం మన ఉత్తరాంధ్రకు కొత్త కాదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలతో మాట్లాడి, వారి నోట విని ఆ భాష నేర్చుకొని, నిఘంటువు కూర్చారు. వ్యావహారిక భాష కోసం ఆయన, గురజాడ, పాఠశాలల పర్యవేక్షకుడు యేట్సు దొర, మా విశాఖ ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు కలిసి పోరాడారు. నేను చదువుకున్న రోజుల్లో గిడుగు వారి మీద పరీక్షలో వ్యాసం వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆయన చెప్పింది మాత్రం అరవయ్యో పడిలో, వంటింటి గుమ్మం దగ్గర నేర్చుకున్నాను.

ఇది పుస్తకాల తగవు మాత్రమే కాదు. 1923లో మొదలైన మా కింగ్ జార్జి ఆసుపత్రికి నేటికీ శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా సరిహద్దుల నుంచి జనం వస్తారు. వైద్యునికి దొరికే నాలుగైదు నిమిషాల్లో అడిగే మాట, చెప్పే మాట ఒకటి కాకపోతే, అక్కరలేని మందు నెలల తరబడి మ్రింగేవారు కొందరు, అవసరమైన పరీక్ష తప్పిపోయేవారు మరికొందరు.

నా పత్రాన్ని చింపి, ఆవిడనే ఎదుట కూర్చోబెట్టుకుని మళ్ళీ వ్రాశాను. "గత మూడు మాసములలో" అన్నది "సంక్రాంతి నుంచి" అయింది. "రోజుకు ఎన్నిసార్లు దొడ్డికి వెళ్తారు?" అన్న ప్రశ్న వ్రాయడానికి నా కలం కాసేపు మొరాయించింది. వ్రాశాను. ఆవిడ తడుముకోకుండా జవాబు చెప్పింది.

మీ మీ ప్రాంతాల్లో ఈ బాధలకు పెద్దవాళ్ళు వాడే మాటలు వ్యాఖ్యల్లో వ్రాయండి. సిగ్గుపడవద్దు. సిగ్గు వల్ల నాకు ఆరేళ్ళు నష్టమయింది.