రంధ్రపు గురి అమరికలో ఎత్తే ప్రధానం

బోల్ట్ యాక్షన్ వేట రైఫిళ్లకు వెనుక గురి సాధారణంగా గాడి రూపంలో ఉంటుంది. దాని స్థానంలో సన్నని రంధ్రం గల ‘పీప్ సైట్’ను అమర్చుకోవచ్చు. దశాబ్దాలపాటు మన పోలీసుల భుజాన ఉన్న .303 లీ ఎన్‌ఫీల్డ్‌లోనే ఈ రెండు విధాలూ కనిపిస్తాయి. 1907 నాటి మార్క్-3 రకంలో గాడి బ్యారెల్‌పై ఉండగా, రెండో ప్రపంచ యుద్ధకాలపు నంబర్-4 రకంలో రంధ్రాన్ని కంటికి చేరువగా రిసీవర్ వెనుకకు తెచ్చారు.

గాడి ఉన్నప్పుడు కన్ను గాడిని, ముందు మొనను, లక్ష్యాన్ని కలిపి చూడవలసి వస్తుంది. రంధ్రంలోనైతే చూపు తనంతట తానే నడిమికి చేరుతుంది. దృష్టిని మొనపై నిలిపితే చాలు. నలభై దాటి దగ్గరి చూపు తగ్గిన వారికి ఇది వరమే. మసక వెలుతురులో మాత్రం మరీ సన్నని రంధ్రం పనికిరాదు.

చిక్కంతా ఎత్తులోనే. రంధ్రం పాత గాడికన్నా ఎత్తున కూర్చుంటే తూటా లక్ష్యానికి పైన తగులుతుంది. రెండు గురుల నడుమ 60 సెంటీమీటర్లు ఉండి, 50 మీటర్ల దూరంలో తూటా 10 సెంటీమీటర్లు పైకి పోతే, ముందు మొన ఎత్తును 1.2 మిల్లీమీటర్లు పెంచాలి.

రిసీవర్‌కు రంధ్రాలు వేయడం ఇంటిపని కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతుదారుకూ లైసెన్సు తప్పనిసరి. వన్యప్రాణుల వేటను 1972 చట్టం నిషేధించినందున మన వద్ద ఈ అమరిక ఉపయోగం ప్రధానంగా షూటింగ్ రేంజ్‌లోనే. మర పొడవు ఎక్కువైతే లోపల బోల్టుకు అడ్డుతగులుతుంది. అందుచేత బిగించిన వెంటనే, తూటాలు లేని రైఫిల్‌లో బోల్టును ముందువెనుకలకు ఆడించి చూడాలి.