క్రూరత్వానికి ఎదురు మాట



క్రూరత్వానికి వ్యతిరేక పదమేమిటని అడిగితే, "దయ" అని సండే స్కూలు పిల్లలు వెంటనే చెబుతారు. సరియైన జవాబే. కాని దినమునకు పదిసార్లు "దయచేసి" అని పలికే మనకు ఆ మాట బరువు తెలుసా? ఈ పూట ఆ మాటల చరిత్రను కొంచెము ధ్యానిద్దాం.

సంస్కృతంలో 'క్రూర' అనే మాటకు నెత్తుటితోను పచ్చి మాంసముతోను సంబంధమున్నది. క్రూరునికి ఎదుటివాడు మనిషిగా కనబడడు, మాంసంగానే కనబడతాడు. దీనికి ఎదురుగా పాత నిబంధనలో 'రహమీమ్' అనే హెబ్రీ మాట ఉన్నది. తల్లి గర్భమునకు 'రెహెమ్' అని పేరు. రెండూ ఒకే ధాతువు. మన హైదరాబాదు వీధుల్లో వినబడే "రహమ్" కూడా అరబీ నుండి వచ్చిన ఆ కుటుంబపు మాటే. సొలొమోను బిడ్డను రెండు ముక్కలు చేయమన్నప్పుడు కన్నతల్లిలో కదిలినది ఈ రహమీమే. మంచి సమరయుని కథలో జాలికి వాడిన గ్రీకు మాట పేగులకు సంబంధించినది. "కడుపు తరుక్కుపోయింది" అని మనమనేది అదే కదా!

అయితే ప్రియులారా, ఆ తల్లి ఏడ్చి ఊరుకోలేదు. బిడ్డ బ్రదికితే చాలునని తన హక్కునే వదులుకున్నది. సమరయుడు తన నూనె, తన ద్రాక్షారసము, తన డబ్బు ఇచ్చాడు. కనికరము కడుపులో పుట్టి చేతిలోనికి రావాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్.బి.నగర్ వెళ్లేవారు దారిలో "విక్టోరియా మెమోరియల్" అనే స్టేషను పేరు వింటారు. ఈ మార్గము 2018 సెప్టెంబరులో ప్రారంభమైంది గాని ఆ పేరు శతాబ్దమునకు పైబడినది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలములో సరూర్‌నగర్‌లోని రాజభవనము అనాథ బిడ్డలకు ఆశ్రయమైంది. 1901లో మరణించిన విక్టోరియా రాణి పేరు దానికి పెట్టారు. బోర్డు మీద రాణి పేరు, కప్పు క్రింద తల్లిదండ్రులు లేని పిల్లలు! 'అనాథ' అంటే నాథుడు లేనివాడు. ఎవరో ఒకరు తలుపు తెరిచేవరకే ఆ మాట నిజము.

ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21 సాయంకాలము రెండు బాంబులు పేలాయి. పెట్టినవారు ఆ జనంలో ఒక్కరి ముఖమైనా చూడలేదు. కాని పేలుడు తరువాత, ముక్కూ మొహమూ తెలియనివారినే చేతులమీద ఎత్తి ఆసుపత్రులకు చేర్చినవారున్నారు. ఒకే వీధి, ఒకే సాయంకాలము, రెండు మాటలు.

ప్రియ శ్రోతా, ఈ వారము నీ కడుపును కదిలించినవారెవరు? వారికొరకు నీ చేయి ఏమి చేసింది? కనికరముగల తండ్రి మన కడుపును, మన చేతిని కూడా కదిలించును గాక. ఆమేన్.