కళాశాల బాస్కెట్‌బాల్ అఫెన్స్: అసిస్టెంట్ కోచ్‌లు, గణాంకాలు

బంతి చేతికి వచ్చినప్పటి నుంచి బాస్కెట్ మీదికి షాట్ వేసేదాకా జట్టు ఆడే ఆటను అఫెన్స్ అంటారు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరికి ఎవరు స్క్రీన్ పెట్టాలి (అంటే డిఫెండర్‌కు అడ్డంగా నిలబడాలి), షాట్ ఎవరు ఎక్కడి నుంచి వేయాలి అన్నవన్నీ ఇందులోకే వస్తాయి. పేరు హెడ్ కోచ్‌దే. కానీ ప్రత్యర్థి ఆటల వీడియోలు చూడడం, లెక్కలు రాయడం, ఆ లెక్కల్లోంచి ఒకటి రెండు ఏరి సాధనలోకి తేవడం ఆయన పక్కన కూర్చునే అసిస్టెంట్ కోచ్‌ల పని. అమెరికా కళాశాలల్లో ఇదొక స్థిరమైన వృత్తి. అనకాపల్లి జిల్లా నర్సీపట్నం చుట్టుపక్కల కళాశాలల్లాంటి చోట్ల ఈ బరువంతా సాధారణంగా ఫిజికల్ డైరెక్టర్ మీదే, అంటే విద్యార్థులు పీడీ సార్ అని పిలిచే ఒక్క మనిషి మీదే పడుతుంది.

చరిత్ర

జేమ్స్ నైస్మిత్ 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటను రూపొందించాక చాలాకాలం అఫెన్స్‌ను మొత్తం పాయింట్లతోనే కొలిచేవారు. ఆ కొలతలో పెద్ద లోపం ఉంది. గబగబా పరుగులు పెట్టే జట్టుకు బంతి ఎక్కువసార్లు దొరుకుతుంది కాబట్టి పాయింట్లూ ఎక్కువే వస్తాయి. అంతమాత్రాన ఆ జట్టు బాగా ఆడినట్టు కాదు. బంతి ఒక జట్టు ఆధీనంలో ఉండే విడత, అంటే ఒక అవకాశం, ముగిస్తే బంతి రెండో జట్టుకు పోతుంది గనక, ఒక ఆటలో ఇద్దరికీ వచ్చే అవకాశాలు దాదాపు సమానం. కాబట్టి ఒక్కో అవకాశానికి ఎన్ని పాయింట్లు వచ్చాయన్నదే అసలు ప్రశ్న.

1950ల మధ్యలో ఈ కొలతను వాడుకలోకి తెచ్చిన డీన్ స్మిత్ అప్పటికి అమెరికా వైమానిక దళ అకాడమీలో బాబ్ స్పియర్ దగ్గర అసిస్టెంట్ కోచ్. 1961లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి హెడ్ కోచ్ అయ్యాడు. 1997లో వైదొలిగే నాటికి 879 విజయాలు సాధించాడు. టెక్స్ వింటర్ కథ దీనికి తిరగేసి నడుస్తుంది. కాన్సాస్ స్టేట్‌లో హెడ్ కోచ్‌గా ఉండగానే 1962లో తన త్రికోణ అఫెన్స్ మీద పుస్తకం రాశాడు. ఆ పద్ధతి ప్రపంచానికి తెలిసింది మాత్రం 1985లో ప్రొఫెషనల్ జట్టు షికాగో బుల్స్‌కు అసిస్టెంట్‌గా చేరాక, ఆ తర్వాత దాని హెడ్ కోచ్ ఫిల్ జాక్సన్ దాన్ని జట్టు ఆటగా మార్చుకున్నాకే.

2012లో బట్లర్ విశ్వవిద్యాలయ కోచ్ బ్రాడ్ స్టీవెన్స్ గణాంకాల పని కోసమే డ్రూ కానన్ అనే యువకుణ్ణి సిబ్బందిలోకి తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఇద్దరూ ప్రొఫెషనల్ జట్టు బోస్టన్ సెల్టిక్స్‌కు వెళ్లిపోయారు. ఈ మూడు ఉదంతాల్లోనూ లెక్క గానీ పద్ధతి గానీ పుట్టినా, నిలదొక్కుకున్నా, అది హెడ్ కోచ్ పక్క కుర్చీలోనే.

నాలుగు అంశాలు

డీన్ ఆలివర్ 2004లో వెలువరించిన పుస్తకంలో అఫెన్స్‌ను నాలుగు ముక్కలుగా విడగొట్టాడు: షాట్లు పడే తీరు, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం), సొంత మిస్ మీద తెచ్చుకున్న రీబౌండ్లు, ఫ్రీ త్రోలు. వీటికి ఆయన ఇచ్చిన ప్రాధాన్యం వరసగా సుమారు 40, 25, 20, 15 శాతం.

ఒక ఊహాజనితమైన ఆటతో ఇది తేలిగ్గా అర్థమవుతుంది. జట్టు 60 షాట్లు వేసిందనుకుందాం. రెండు పాయింట్లవి 40లో 18, మూడు పాయింట్లవి 20లో 6 పడ్డాయి. ఫ్రీ త్రోలు 20లో 12. మొత్తం 66 పాయింట్లు. సొంత మిస్‌ల మీద రీబౌండ్లు 10, టర్నోవర్లు 14. షాట్లలోంచి ఆ రీబౌండ్లు తీసేసి, టర్నోవర్లు కలిపి, ఫ్రీ త్రోలలో సుమారు 0.44 వంతు చేరిస్తే అవకాశాల సంఖ్య దాదాపు 73 అని తేలుతుంది. అంటే ఒక్కో అవకాశానికి 0.9 పాయింటు. ఇది బలహీనమైన అఫెన్సే. ఇక్కడ ప్రేక్షకుడు షాట్లు పడలేదని నిట్టూరుస్తాడు. అసిస్టెంట్ కోచ్ కన్ను 14 దగ్గర ఆగుతుంది. టర్నోవర్లు పక్కనపెడితే మిగిలిన 59 అవకాశాలు ఒక్కోటి 1.1 పాయింట్లకు పైగా తెచ్చాయి. చేజారిన బంతుల్లో నాలుగింటిని కాపాడుకున్నా నాలుగైదు పాయింట్లు కలిసొస్తాయి. షాట్ మెరుగుపడడానికి నెలలు పడుతుంది. ఫలానా పాస్ మానేయమని చెప్పడానికి ఒక టైమవుట్ చాలు.

మూడు పాయింట్ల షాట్ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. దూరం నుంచి మూడింట ఒకటి పడితే చాలు, దగ్గర నుంచి రెండింట ఒకటి పడిన ఫలితమే వస్తుంది. అమెరికా పురుషుల కళాశాల ఆటలో మూడు పాయింట్ల గీత 1986-87లో వచ్చింది. మొదట 6.02 మీటర్ల దూరంలో ఉండేది, ఇప్పుడు 6.75 మీటర్లు. నడిమి దూరపు షాట్లు తగ్గించి, బాస్కెట్ కింద లేఅప్‌లు, గీత అవతలి షాట్లు పెంచడం ఈ లెక్క వల్లే మొదలైంది. ఒకప్పుడు ఉన్నత పాఠశాలలో గణితం బోధించిన నేట్ ఓట్స్ ఇలాంటి ఆటతోనే 2024లో అలబామా విశ్వవిద్యాలయాన్ని తొలిసారి జాతీయ పోటీలో చివరి నాలుగు జట్ల దశ అయిన ఫైనల్ ఫోర్‌కు చేర్చాడు. అయితే వేగమే మార్గమని అనుకోనక్కరలేదు. 2019లో ఆ జాతీయ పోటీ విజేతగా నిలిచిన వర్జీనియా అమెరికాలోకెల్లా నెమ్మదిగా ఆడే జట్లలో ఒకటి. పాయింట్ల పట్టికలో అది సాదాగా కనిపించినా, అవకాశానికి పాయింట్ల లెక్కలో అగ్రశ్రేణిలో ఉంది.

సిబ్బంది పని

అమెరికా జట్లలో రాబోయే ప్రత్యర్థులను అసిస్టెంట్‌లు పంచుకోవడం మామూలు. తన వంతుకు వచ్చిన జట్టు వీడియోలన్నీ చూసి, అది ఏ స్క్రీన్‌కు ఎలా స్పందిస్తుందో, ఎవరు బలహీన డిఫెండరో కాగితం మీద పెట్టి, రిజర్వు ఆటగాళ్ల చేత ఆ జట్టులా ఆడించి చూపించాలి. 2023 జూలై నుంచి అక్కడి మొదటి శ్రేణి జట్లు ఐదుగురు అసిస్టెంట్‌లను పెట్టుకోవచ్చు. కొత్తగా చేరిన రెండు స్థానాల వారు శిక్షణ ఇవ్వొచ్చు గానీ, బయటికి వెళ్లి ఆటగాళ్లను ఎంపిక చేసుకురాకూడదని అప్పటి నియమం. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నియమాల్లోనూ మొదటి అసిస్టెంట్ కోచ్‌కు గుర్తింపు ఉంది. టైమవుట్ అడిగే హక్కు హెడ్ కోచ్‌తో పాటు అతనికీ ఉంటుంది. కాకపోతే ఇద్దరూ ఒకేసారి నిలబడి ఉండకూడదు.

నర్సీపట్నం వంటి చోట్ల

నర్సీపట్నం ప్రాంతపు డిగ్రీ కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోవి. అంతర్ కళాశాలల పోటీల్లో రాణించినవారు విశ్వవిద్యాలయ జట్టుకు, ఆ పైన భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నడిపే పోటీలకు వెళతారు. అమెరికా జట్టు ఒక సీజన్‌లో 30కి పైగా ఆటలు ఆడుతుంది. ఇక్కడ నాకౌట్ అయితే ఓడిన జట్టు ఒక్క ఆటతోనే తిరుగు బస్సెక్కాలి.

గణాంకాలకు ఈ తేడా ప్రాణాంతకం. ఒక కుర్రాడు పది దూరపు షాట్లలో నాలుగు వేశాడని అతణ్ణి షూటర్‌గా లెక్కగట్టడం పొరపాటు. మర్నాడు అదే పదిలో రెండే పడొచ్చు. అలా తారుమారయ్యే శాతాలకన్నా షాట్ ఎక్కడి నుంచి వేశారు, బంతి ఎలా పోయింది అన్న సంగతులు రెండు మూడు ఆటల్లోనే నమ్మదగిన రూపు తీసుకుంటాయి. ఎందుకంటే అవి ఆనాటి చేతివాటం మీద కన్నా ఆటగాళ్ల అలవాటు మీద ఆధారపడతాయి. అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే ఇక్కడ ఉపయోగపడేది తక్కువ. సాధన రోజుల్లో ఆడుకునే ఆటలను కూడా లెక్కలోకి తీసుకుంటే కొంత ఊరట.

అధికారిక స్కోర్‌షీటు కూడా ఇందుకు పనికిరాదు. అందులో పాయింట్లు, ఫౌళ్లు, టైమవుట్లు ఉంటాయి. పడని షాట్లు, రీబౌండ్లు, టర్నోవర్లు ఉండవు. వాటికోసం బెంచీ మీద ఒకరు విడిగా కాగితం పట్టాలి. గాయంతో ఆగిపోయిన సీనియర్ ఎవరైనా ఉంటే ఈ పనికి బాగా సరిపోతారు. ఎందుకంటే పోయిన బంతికి తప్పు విసిరినవాడిదా, అందుకోని వాడిదా అన్నది ఆట తెలిసిన కంటికే తెలుస్తుంది. కోర్టు బొమ్మ గీసుకుని షాట్ వేసిన చోట గుర్తు పెట్టడం, టర్నోవర్‌కు పక్కన కారణం ఒక్క మాటలో రాయడం సరిపోతుంది. సెల్‌ఫోను వీడియో తరవాత సరిచూసుకోవడానికి పనికొస్తుంది గానీ ఆట మధ్యలో దాన్ని వెనక్కి తిప్పి చూసే తీరిక ఎవరికీ ఉండదు. రెండు, మూడు క్వార్టర్ల మధ్య విరామం 15 నిమిషాలు. నీళ్లకు, ఊపిరి తీసుకోవడానికి పోగా పీడీ మాట్లాడగలిగే సమయంలో ఆటగాళ్ల బుర్రకెక్కేది ఒకటో రెండో సంగతులు. ఏ రెండన్నది కాగితం పట్టినవారు ఆ విరామానికి ముందే తేల్చుకుని ఉండాలి.