రక్తపింజర విషం – పదవ రక్తస్కందన కారకం: చారిత్రక పరిశీలన

గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు ఉంది. ఏలూరు, తాడేపల్లిగూడెం మొదలుకొని కొల్లేటి అంచుల వరకు వరి ప్రధానమైన పంట. వరి ఉన్నచోట ఎలుకలు చేరతాయి. వాటి కోసం రక్తపింజర వస్తుంది. దాని కాటుకు ఎక్కువగా గురయ్యేవారు చేలల్లో చెప్పులు లేకుండా పనిచేసే రైతులు, కూలీలు. రక్తాన్ని గడ్డకట్టించే ఒక ముఖ్యమైన ప్రొటీన్‌ను శాస్త్రజ్ఞులు అర్థం చేసుకోవడానికి ఈ పాము విషమే సాధనమైంది.

1785లో ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడిగా నియమితుడైన ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉంటూ కోరమాండల్ తీరపు సర్పాలను సేకరించాడు. కోళ్ల మీద, కుక్కల మీద విషాలను పరీక్షించాడు. 1796లో లండన్‌లో వెలువడిన గ్రంథంలో ఈ పామును ‘కాటుక రేకుల పొడ’ అనే తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. మరుసటి ఏడాది శాస్త్రీయ నామంలో రస్సెల్ పేరు చేరింది. తెలుగు పేరు మరుగున పడింది.

1934లో మాక్‌ఫార్లేన్, బార్నెట్ అనే పరిశోధకులు పలుచన చేసిన ఈ విషాన్ని పూస్తే హీమోఫిలియా రోగుల పైగాయాల నుండి రక్తస్రావం ఆగుతుందని లండన్‌లో చూపారు. దీనికి కారణం తరువాత తేలింది. 1956–57లో ఇంగ్లండ్, అమెరికాలలో ఇద్దరు రోగుల రక్తంలో గుర్తించిన లోపం ద్వారా పదవ కారకం వెల్లడైంది. 1964లో మాక్‌ఫార్లేన్ రక్తం గడ్డకట్టే ప్రక్రియను గొలుసుకట్టు చర్యగా వివరించాడు. విషంలోని ఒక ఎంజైము పదవ కారకాన్ని నేరుగా ఉత్తేజపరుస్తుంది. అప్పుడు ప్రోత్రాంబిన్ త్రాంబిన్‌గా, ఫైబ్రినోజన్ ఫైబ్రిన్‌గా మారతాయి.

గాజుగొట్టంలో రక్తాన్ని గడ్డకట్టించే విషం కాటు తిన్న మనిషిలో రక్తస్రావానికి కారణం కావడం వైరుధ్యంగా తోచవచ్చు. శరీరమంతటా ఆ చర్య ఒక్కసారిగా సాగడంతో ఫైబ్రినోజన్, ఇతర కారకాలు ఖర్చైపోతాయి. ఆపై గాయమైతే గడ్డకట్టడానికి రక్తంలో ఏమీ మిగలదు.

ఆసుపత్రులలో చేసే ఇరవై నిమిషాల పరీక్షకు ఆధారం ఇదే. శుభ్రమైన, పొడి గాజుగొట్టంలో తాజా రక్తాన్ని కదపకుండా ఉంచి, ఇరవై నిమిషాల తరువాత వంచి చూస్తారు. రక్తం ద్రవంగానే ఉంటే విషం ఒంటికెక్కినట్లు భావించి విరుగుడు ఇస్తారు. విరుగుడు విషాన్ని అడ్డుకోగలదే కాని, ఖర్చైన కారకాలను తిరిగి ఇవ్వలేదు. వాటిని కాలేయం కొత్తగా తయారుచేయడానికి గంటలు పడుతుంది. అందుచేత నాటుమందులతో, మంత్రాలతో పోయే సమయం ప్రాణాంతకమవుతుంది.

తెలుగు తీరంలో పేరుతో సహా నమోదైన పాము లండన్ ప్రయోగశాలల మీదుగా ఒక గాజుగొట్టపు పరీక్షగా తిరిగి వచ్చింది. ఆ జ్ఞానం పొలంగట్టు నుండి ఆసుపత్రికి వేళకు చేరిన రైతుకే ఉపకరిస్తుంది.