ఆకాశం నుంచి పెట్టె పడితే ఎవరికి చెప్పాలి?

2022 డిసెంబర్లో వికారాబాద్ జిల్లా పొలాల్లో ఓ పెద్ద గుండ్రటి వస్తువు దిగింది. ఇంకేముంది, వాట్సాప్‌లో గ్రహాంతరవాసులు వచ్చేశారు. తీరా చూస్తే అది ఒక స్పెయిన్ కంపెనీ హైదరాబాద్ నుంచి బెలూన్‌కి కట్టి పరీక్ష కోసం పంపిన ఖాళీ క్యాబిన్! మా టీంలో అందరూ తెగ నవ్వుకున్నారు. మాది ఖమ్మం వైపు, నాకది పెద్ద వింతగా అనిపించలేదు. ఇలాంటి పెట్టెల గురించి ప్రకటనలు పేపర్లో చూస్తూ పెరిగాం మరి.

అసలు విషయానికొస్తే, ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్ఆర్) వాళ్ళ బెలూన్ కేంద్రం ఉంది. పలచటి పాలిథీన్ బెలూన్‌లో హైడ్రోజన్ నింపి, పరికరాలు కట్టి 30-40 కిలోమీటర్ల ఎత్తుకి పంపుతారు. హైదరాబాదే ఎందుకంటే, భూ అయస్కాంత మధ్యరేఖకి దగ్గర. తక్కువ శక్తి ఉన్న కాస్మిక్ కణాలు ఇక్కడ పక్కకి మళ్ళిపోతాయి కాబట్టి పరికరాలకి రొద తక్కువ. అందుకే జపాన్ వాళ్ళు తమ పరికరాన్ని మనోళ్ళ టెలిస్కోపుకి తగిలించి ఇక్కడినుంచే ఎగరేశారు. నాసా, ఇస్రో కలిసి వాతావరణ ప్రయోగాలు ఇక్కడినుంచి కూడా చేశాయి.

అన్నిటికంటే నాకు నచ్చింది 2005 ఏప్రిల్ 20 నాటి ప్రయోగం. భూమికి పైన, అంతరిక్షానికి కింద, ఆ మధ్యలో జీవం ఉందా అన్నది ప్రశ్న. 2001లో సేకరించిన గాలిని బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో కూడా పరీక్షించి, ఉందన్నారు. నేల మీద ఎక్కడో కలుషితం అయిందేమో అని చాలామంది నమ్మలేదు. అందుకని జయంత్ నార్లీకర్ ఆధ్వర్యంలో మళ్ళీ జాగ్రత్తగా చేశారు. 2.67 కోట్ల ఘనపుటడుగుల బెలూన్, 459 కిలోల పరికరాలు, క్రిములు లేకుండా శుద్ధి చేసిన 16 స్టీలు గొట్టాలు. వాటి చుట్టూ 38 కిలోల ద్రవ నియాన్. గొట్టం మూత తెరుచుకోగానే ఆ చలికి బయటి గాలి లోపలికొచ్చి గడ్డకట్టుకుపోతుంది. 41 కిలోమీటర్ల దాకా అలా పట్టుకొచ్చారు. హైదరాబాద్ సీసీఎంబీలో, పుణేలో విడివిడిగా చూస్తే 12 బాక్టీరియాలు, 6 శిలీంధ్రాలు దొరికాయి. అందులో మూడు కొత్త జాతులు! ఇవి వేరే గ్రహం నుంచే వచ్చాయని దీనితో తేలలేదని 2009లో ఇస్రోనే చెప్పింది. ఆ నిజాయితీ నాకు బాగా నచ్చింది.

ఇప్పుడు మన ఐటీ బుర్రతో ఆలోచించండి. ఫోటో అయితే పైనుంచే కిందికి పంపుకోవచ్చు. గాలిని డౌన్‌లోడ్ చేసుకోలేం కదా! పెట్టె పారాచ్యూట్‌తో దిగాలి, ఎవరూ విప్పకుండా ఉండాలి. బ్యాకప్ లేదు.

అవి ఎక్కడ దిగుతాయి? విశాఖ-హైదరాబాద్-షోలాపూర్ గీత వెంబడి 200 నుంచి 350 కిలోమీటర్ల దూరం దాకా, అని టీఐఎఫ్ఆర్ ప్రకటనల్లో ఉంటుంది. మ్యాప్ మీద స్కేలు పెట్టి గీయండి. విశాఖ వైపు గీత సరిగ్గా కొత్తగూడెం, భద్రాచలం పక్కనుంచి పోతుంది. అంటే పోడు చేలు, తునికాకు ఏరుకునే కోయ గూడేలు.

ప్రకటనలో ఇంకా ఏముంటుందంటే, ముట్టుకోవద్దు, లోపల హై వోల్టేజీ ఉండొచ్చు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో పోస్టాఫీసుకో చెప్పండి, బహుమతి ఇస్తాం అని. నగరంలో కూర్చుని చదివితే చాలా సింపుల్. కానీ 2005 నాటి ఏజెన్సీని ఒక్కసారి తలుచుకోండి. ఒక పక్క అన్నలు, ఒక పక్క పోలీసులు. అడవిలో తీగలున్న పెట్టె ఒకటి కనపడింది సార్ అని స్టేషన్ మెట్లెక్కడం గూడెం మనిషికి ఎంత కష్టమో, ఆ ప్రకటన రాసినవాళ్ళు ఊహించారా అని నా అనుమానం. పైగా తెలుగు చదవడం రానివాళ్ళకి పేపర్ ప్రకటన ఏం చెబుతుంది?

ఆ మూడు కొత్త జీవుల్లో ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట్ట పేరు పెట్టారు. తప్పులేదు, గొప్పవాళ్ళే. కానీ అరవై ఏళ్ళుగా ఈ పెట్టెలు దిగుతున్న ఊళ్ళ పేర్లు మాత్రం ఏ పేపర్లోనూ నాకు కనపడలేదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు నాన్నని అడిగా, మన చేలో పడితే ముందు ఎవరికి చెప్తారు అని. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పోస్టుమాస్టర్‌కి" అన్నారు.